ఇంట్లో రీఫ్ అక్వేరియం ఉందా? ఇల్లు పనులు మొదలుపెట్టే ముందే ఇలా మార్చేయండి.. లేదంటే చేపలు, పగడాలు దక్కవు!

పాత పెంకుటిల్లు తీసేసి డాబా వేయడం, ఉన్న డాబా మీద ఇంకో అంతస్తు లేపడం.. కోనసీమ జిల్లా ఆలమూరు చుట్టుపక్కల మామూలే. పనులు మొదలవగానే మంచాలు, బీరువాలు పక్కింట్లోకి చేరతాయి. మరి హాల్లో ఉన్న అక్వేరియం సంగతేంటి? గోల్డ్‌ఫిష్ తొట్టి అయితే రెండు బకెట్లతో పనైపోతుంది. కానీ ఉప్పునీటి చేపలు, పగడాలు ఉండే రీఫ్ ట్యాంక్ అలా కాదు. పొరపాటు జరిగితే ఏళ్ల తరబడి పెంచుకున్నవి గంటల్లోనే చచ్చిపోతాయి.

అక్కడే ఉంచి కవర్ కప్పేస్తే సరిపోదా?

ఒకటి, రెండు రోజుల చిన్న పని అయితే సరిపోవచ్చు. గోడలు పగలగొట్టే పని అయితే మాత్రం ట్యాంక్ మార్చాల్సిందే. ఎందుకంటే..

* సిమెంట్ దుమ్ము నీళ్లలో పడితే పీహెచ్ ఒక్కసారిగా పెరిగిపోతుంది.
* ప్రొటీన్ స్కిమ్మర్, ఎయిర్ పంప్ గదిలోని గాలినే లాగుతాయి. పెయింట్, థిన్నర్ ఆవిరి నేరుగా నీళ్లలోకి వెళ్తుంది.
* చెదల మందు, రాగి కలిసిన రసాయనాలు కొద్దిగా పడినా పగడాలకు, సముద్రపు రొయ్యలకు ప్రాణాంతకం.
* డ్రిల్లింగ్ అదురుకు గాజు అతుకులు వదిలే ప్రమాదం ఉంది. పనుల కోసం మెయిన్ ఆపేస్తే పంపులూ ఆగిపోతాయి.

నీళ్లతో సహా ఎత్తొద్దు

నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తున్న ట్యాంక్‌లో దాదాపు 255 లీటర్ల నీళ్లు పడతాయి. అంటే నీళ్ల బరువే 255 కిలోలు. రాళ్లు, ఇసుక, గాజు బరువు దీనికి అదనం. నలుగురు కలిసి ఎత్తగలిగినా సిలికాన్ అతుకులు తట్టుకోవు. ట్యాంక్ పూర్తిగా ఖాళీ చేశాకే కదపాలి.

సముద్రం దగ్గరే కదా.. నీళ్లు అక్కడి నుంచి తెచ్చుకుంటే?

ఆ పని చేయొద్దు. అంతర్వేది దగ్గర వశిష్ఠ గోదావరి సముద్రంలో కలుస్తుంది. నదీ ముఖాల దగ్గర వరద సీజన్‌లో ఉప్పు శాతం పడిపోతుంది, బురద పెరుగుతుంది. పగడాలకు కావాల్సింది 35 పీపీటీ దగ్గర నిలకడగా ఉండే సెలైనిటీ. ఆర్వో నీళ్లలో అక్వేరియం సాల్ట్ కలిపి ముందు రోజే రెడీ చేసుకోవాలి. అల్లవరం, కాట్రేనికోన వైపు రొయ్యల రైతులు వాడే సెలైనిటీ మీటర్ ఇక్కడా పనికొస్తుంది.

తరలించే రోజు ఏం చేయాలి?

1. ముందు రోజు నుంచే మేత ఆపేయాలి. కడుపు ఖాళీగా ఉంటే సంచిలో నీళ్లు త్వరగా పాడవవు.
2. పాత నీళ్లలో వీలైనంత ఎక్కువ శుభ్రమైన డ్రమ్ముల్లోకి తోడుకోవాలి. పురుగుమందు పట్టిన డ్రమ్ములు, ఇనుప పీపాలు అస్సలు వాడొద్దు.
3. ముందు పగడాలు, తర్వాత రాళ్లు తీయాలి. రాళ్లు నీళ్లలోనే మునిగి ఉండాలి. అమ్మోనియాను అదుపులో ఉంచే బ్యాక్టీరియా ఉండేది వాటిలోనే.
4. చేపలను చివర్లో పట్టాలి. నీళ్లు తగ్గి, రాళ్లు లేకపోతే సులువుగా దొరుకుతాయి. రొయ్య సీడ్ తెచ్చినట్టే ఆక్సిజన్ నింపిన సంచుల్లో ప్యాక్ చేయించొచ్చు.
5. అడుగున ఉన్న పాత ఇసుకను అలాగే పోయొద్దు. అందులో పేరుకున్న మురికి కదిలితే నీళ్లు విషమవుతాయి. బాగా కడగాలి, లేదంటే కొత్తది వేయాలి.

గ్లౌజులు, కళ్లద్దాలు తప్పనిసరి. జోవాంథిడ్ రకం పగడాల్లో పాలీటాక్సిన్ అనే తీవ్రమైన విషం ఉండొచ్చు. అవి అంటుకున్న రాళ్లను బ్రష్‌తో గీకడం, వేడినీళ్లు పోయడం ప్రమాదకరం. ఆ ఆవిరి పీల్చి ఆసుపత్రి పాలైన కుటుంబాలు విదేశాల్లో ఉన్నాయి.

తాత్కాలిక ట్యాంక్ ఎక్కడ?

ఇల్లు పూర్తవడానికి నెలలు పడుతుంది. కాబట్టి తాత్కాలికమే కదా అని టబ్బులో వదిలేస్తే కుదరదు. పంపు, స్కిమ్మర్, లైటు అన్నీ అక్కడ కూడా ఉండాలి. నీళ్లు 24 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి. మన ఎండాకాలంలో చిల్లర్ లేదా ఏసీ లేకుండా ఇది కష్టం. వీలైతే ఎండలు ముదరకముందే మార్చేయడం మంచిది. బ్యాటరీతో నడిచే ఏరేటర్ ఒకటి దగ్గర పెట్టుకోవాలి. మొదటి వారం రోజూ అమ్మోనియా టెస్ట్ చేయాలి, మేత తగ్గించాలి, లైటు తక్కువ సేపు వేయాలి.

కాగితాలు ఉన్నాయా?

ఇది చాలామంది పట్టించుకోని విషయం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్-1లో రాతి పగడాలు, సముద్రపు గుర్రాలు ఉన్నాయి. మన సముద్రం నుంచి తీసినవి కొనడం, ఇంట్లో పెట్టుకోవడం నేరం. విదేశాల నుంచి వచ్చిన సైటెస్ జాబితా జాతులైతే 2024 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం పరివేష్ పోర్టల్‌లో రిజిస్టర్ చేసుకోవాలి. ట్యాంక్ కదిపే ముందే బిల్లులు, పత్రాలు చూసుకోవాలి. డౌట్ ఉంటే అటవీ శాఖ అధికారులను అడగాలి. క్లౌన్‌ఫిష్ లాంటివి కావాలంటే హేచరీలో పుట్టినవే తీసుకోవడం మేలు. వాటిని హేచరీలో పెంచే పద్ధతిని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ, సీఎంఎఫ్ఆర్ఐ, ఎప్పుడో అభివృద్ధి చేసింది.

తిరిగి తెచ్చేటప్పుడు..

గృహప్రవేశం రోజే ట్యాంక్ కూడా పెట్టేయాలని తొందరపడొద్దు. పెయింట్ వాసన పూర్తిగా పోవాలి, దుమ్ము తుడవాలి. అసలు ప్లాన్ గీయించేటప్పుడే ఇంజినీర్‌కు ట్యాంక్ బరువు చెప్పాలి. దానికి వేరే ఎంసీబీ, ఎర్తింగ్, ఇన్వర్టర్ లైన్ పెట్టించాలి. ప్లగ్ పాయింట్లు నీళ్లు చిందే చోటికి దూరంగా ఉండాలి. గోడలు లేచాక ఇవన్నీ చేయించాలంటే మళ్లీ పగలగొట్టాల్సిందే.. ట్యాంక్‌ను మళ్లీ తరలించాల్సిందే.