లాసెట్‌కు బిట్ల పుస్తకం చాలదు

నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో ఏ పుస్తకాల షాపుకైనా పోయి లా కోర్సుల ప్రవేశ పరీక్ష లాసెట్‌కు పుస్తకం కావాలంటే మామూలుగా చేతికొచ్చేది ఒక లావుపాటి బిట్ బ్యాంకు. గ్రూప్స్‌కు, కానిస్టేబుల్ పరీక్షకు, డీఎస్సీకి ఉన్నట్టే దీనికీ వేలకొద్దీ ప్రశ్నలు, చివర్లో కీ. పోటీ పరీక్ష అంటే ఇక్కడి పిల్లలకు ఏళ్ల తరబడి తెలిసిన రూపం ఇదే కనుక లాసెట్‌కూ అదే బాట పడతారు. పొద్దున కరెంట్ అఫైర్స్, మధ్యాహ్నం ఆర్టికల్ నంబర్లు, రాత్రికి మాక్ టెస్టు. ఈ పద్ధతిలో అసలు పస లేదని అనలేం. కానీ ఈ పరీక్షలో ఎక్కువ బరువున్న భాగానికి అది అరకొరగానే పనికొస్తుంది, ఆ తర్వాత చదవాల్సిన చదువుకైతే దాదాపు పనికిరాదు. లాసెట్ తయారీ అంటే ముందుగా నిదానంగా చదవడం నేర్చుకోవడం. ఒక నియమాన్ని, దాని ఎదురుగా ఉన్న సంగతులను పక్కపక్కన పెట్టి, రాసి ఉన్నదాన్ని బట్టే తేల్చగలగడం.

పరీక్ష కొలతలు చూస్తేనే ఈ మాట కొంత అర్థమవుతుంది. తెలంగాణ ఉన్నత విద్యామండలి తరఫున ఇటీవలి ఏళ్లలో ఉస్మానియా యూనివర్సిటీ జరుపుతున్న లాసెట్‌లో 120 ప్రశ్నలు, 120 మార్కులు, గంటన్నర సమయం. అంటే ఒక్కో ప్రశ్నకు 45 సెకన్లు. జనరల్ నాలెడ్జి, మెంటల్ ఎబిలిటీకి 30 మార్కులు, వర్తమాన వ్యవహారాలకు 30. మిగతా 60 న్యాయశాస్త్రం చదవడానికి తగిన ఆసక్తీ బుద్ధీ ఉన్నాయా అని చూసే భాగానివి. తప్పు జవాబుకు మార్కు కోత లేదు. అర్హతకు 35 శాతం, అంటే 42 మార్కులు వస్తే చాలు. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు ఆ కనీసం కూడా లేదు. డిగ్రీ అయినవాళ్లు మూడేళ్ల ఎల్‌ఎల్‌బీకి, ఇంటర్ అయినవాళ్లు అయిదేళ్ల కోర్సుకు రాస్తారు. ప్రశ్నలు ఇంగ్లీషుతోపాటు తెలుగులో గానీ ఉర్దూలో గానీ కనిపిస్తాయి. ఇలా చూస్తే పాసవడం పెద్ద గండమేమీ కాదు. అసలు లెక్క ర్యాంకుది. యూనివర్సిటీ కాలేజీలో సీటు దొరకడానికీ, ఊరికి దూరంగా ఎక్కువ ఫీజు కట్టి ప్రైవేటు కాలేజీలో చేరడానికీ మధ్య తేడా అక్కడే పడుతుంది.

ఆ 60 మార్కుల భాగంలో రాజ్యాంగం మీద సూటి ప్రశ్నలుంటాయి, ఒక సూత్రమూ కొన్ని సంగతులూ ఇచ్చి తేల్చమనేవీ ఉంటాయి. రెండో రకానికి మన జిల్లాల నేల మీదే ఒక నమూనా తయారు చేసి చూద్దాం. సూత్రం ఇది: వంద రూపాయలు, అంతకు మించి విలువున్న స్థిరాస్తి అమ్మకం రిజిస్టరైన దస్తావేజుతోనే చెల్లుతుంది. సంగతులు ఇవి: అచ్చంపేట వైపు ఒక రైతు నలుగురు పెద్దమనుషుల ముందు డబ్బు ముట్టజెప్పి, తెల్లకాగితం మీద రాయించుకుని రెండెకరాలు కొన్నాడు. ఇరవై ఏళ్లుగా దున్నుకుంటున్నాడు. అమ్మినాయన పోయాక ఆయన కొడుకు అదే భూమిని రిజిస్ట్రేషన్ చేసి ఇంకొకరికి అమ్మాడు. ఇచ్చిన సూత్రం ప్రకారం హక్కు ఎవరిది? డబ్బు కట్టింది రైతే కాబట్టి రైతుదే అని మొదటి జవాబు. ఇరవై ఏళ్ల కబ్జా ఉంది కాబట్టి రైతుదే అని రెండోది. మొదటి అమ్మకం రిజిస్టర్ కాలేదు కాబట్టి రెండో కొనుగోలుదారుదని మూడోది. ఎవరికీ చెల్లదు, కొడుకుదేనని నాలుగోది. మనసు మొదటి జవాబు వైపు లాగుతుంది. బిట్లు బాగా బట్టీ పట్టినవాళ్లు రెండోదానికి పడిపోతారు, ఎందుకంటే 1963 కాలపరిమితి చట్టంలోని పన్నెండేళ్ల లెక్క వాళ్లకు నోటికి వచ్చు. కానీ ఇచ్చిన సూత్రంలో కబ్జా ఊసే లేదు. సరైన జవాబు మూడోది. తెలిసిన ముక్కే ఇక్కడ తప్పుదారి పట్టించింది.

ఇందులో అన్యాయం ఉంది కదా అనిపిస్తే ఆ అనుమానం మంచిదే. ఆస్తి బదలాయింపు చట్టం 1882 నాటిది, రిజిస్ట్రేషన్ చట్టం 1908 నాటిది. పాలమూరు, నల్లగొండ పల్లెల్లో భూములు చేతులు మారిన తీరు వేరు. అందుకే సాదాబైనామాలను, అంటే ఇలాంటి తెల్లకాగితం మీది కొనుగోళ్లను, క్రమబద్ధం చేసే వీలు 1971 నాటి రికార్డుల చట్టంలో ఉండేది. 2020లో ధరణి పోర్టల్‌తో వచ్చిన కొత్త చట్టంలో ఆ వీలు లేక లక్షల దరఖాస్తులు నిలిచిపోయాయి. 2025 నాటి భూభారతి చట్టం మళ్లీ తలుపు తెరిచింది. అంటే అసలు జీవితంలో ఆ రైతుకు దారి లేకపోలేదు. అయితే అది వేరే నియమం, వేరే ప్రశ్న. ఏ నియమం కింద మాట్లాడుతున్నామో మరిచిపోకుండా ఉండటమే వకీలు పనిలో సగం. ఈ జిల్లాల పిల్లలకు ఒక అనుకూలం కూడా ఇక్కడే ఉంది. పహాణీ, పాసుబుక్కు, రక్షిత కౌలుదారుకు ఇచ్చే 38-ఈ సర్టిఫికెట్, బ్యాంకు నోటీసు, సొసైటీ అప్పు పత్రం లాంటి కాగితాలు ఇక్కడ చాలా ఇళ్లలో ట్రంకు పెట్టెలో ఉంటాయి. పట్నంలో ఫ్లాట్ కొనుక్కున్న ఇంటి పిల్లలు చూడని పత్రాలు అవి. ఎవరు, ఎవరికి, ఏ షరతు మీద, ఏ తేదీ నుంచి అని అడుగుతూ వాటిని చదివితే కోచింగ్ సెంటర్ ఇవ్వలేని సాధన అవుతుంది.

బట్టీ చదువుకు ఉన్న ఇంకో జబ్బు 2024 జులై 1న బయటపడింది. ఆ రోజు నుంచి భారతీయ శిక్షాస్మృతి పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. క్రిమినల్ ప్రొసీజర్ కోడ్, సాక్ష్య చట్టం కూడా మారాయి. 511 సెక్షన్ల చోట 358 సెక్షన్లు. హత్యకు శిక్ష చెప్పే 302 ఇప్పుడు 103. సినిమాల పుణ్యమా అని ఊరందరికీ తెలిసిన 420 ఇప్పుడు 318లో ఉంది. గుమిగూడవద్దని ఆంక్షలు పెట్టే ప్రొసీజర్ కోడ్ 144 ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన నాగరిక్ సురక్షా సంహితలో 163. సెకండ్‌హ్యాండ్ బిట్ బ్యాంకులు మాత్రం అన్నల చేతి నుంచి తమ్ముళ్ల చేతికి పాత నంబర్లతోనే వస్తూ ఉంటాయి. మోసానికి కావలసినవి ఏవి, ఇచ్చిన మాట తప్పడానికీ మోసానికీ తేడా ఏమిటి అని చదువుకున్నవాళ్లకు పోయింది నంబరు ఒక్కటే. నంబరే చదువనుకున్నవాళ్లకు చదివిందంతా పోయింది.

బయటి పరీక్షలు నడుస్తున్న దారి కూడా ఇదే చెబుతుంది. 1948లో మొదలైన అమెరికా లా ప్రవేశ పరీక్ష ఎల్‌శాట్‌లో చట్టం మీద ఒక్క ప్రశ్నా ఉండదు. 2024 ఆగస్టు నుంచి అందులోని పజిళ్ల భాగాన్నీ తీసేశారు. మార్కులొచ్చేది పేరా చదివి అర్థం చేసుకోవడానికి, తర్కానికి. మన దేశంలో జాతీయ లా యూనివర్సిటీల కోసం 2008లో మొదలైన క్లాట్ కూడా మొదట్లో జ్ఞాపకశక్తికి పెద్దపీట వేసి, 2020 నుంచి పూర్తిగా పేరాల మీదికి మారింది. ఇప్పుడు అందులోనూ 120 ప్రశ్నలే, రెండు గంటలు, తప్పుకు పావు మార్కు కోత. చట్టం ముందే తెలిసి ఉండాల్సిన పని లేదని దాని నిబంధనలే చెబుతాయి. లాసెట్ అంత దూరం పోలేదు. రేపు పోతుందనీ ఎవరూ హామీ ఇవ్వలేరు.

అక్కడే మొదటి అభ్యంతరం వస్తుంది. లాసెట్ పేపర్లో నేరుగా బిట్లే ఎక్కువ వస్తుంటే ఈ చదువుడు ముచ్చట ఎందుకని. న్యాయమైన ప్రశ్నే. పాత పేపర్లు తిరగేస్తే ఏ ఆర్టికల్ దేని గురించి అన్న రకం ప్రశ్నలు కనబడతాయి, వాటిని వదులుకోవాలని ఎవరూ చెప్పరు. గ్రూప్స్‌కు చదివే పిల్లలకు జీకే, కరెంట్ అఫైర్స్‌లో పాత పెట్టుబడి ఎటూ ఉంది. అయితే ఆర్టికల్ నంబరు కూడా చదివితేనే నిలుస్తుంది. 32వ అధికరణంలో సుప్రీంకోర్టుకు పోయే హక్కు, 226లో హైకోర్టు రిట్ అధికారం విడివిడిగా బట్టీ పడితే వారంలో కలగాపులగం అవుతాయి. మొదటిది ప్రాథమిక హక్కుల కోసమే, రెండోది ఇంకా విశాలమైంది అని రెండు పేరాలు చదివినవాళ్లకు అడ్డం తిప్పి అడిగినా తట్టుకునే బలం ఉంటుంది. 45 సెకన్లలో ఆలోచించే తీరిక ఉండదన్న మాటా నిజమే. అందుకే ఆలోచన ముందే అలవాటై ఉండాలి. ఇందుకు ఖర్చు కూడా తక్కువే. కేంద్ర చట్టాలన్నీ ఇండియా కోడ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉన్నాయి, సుప్రీంకోర్టు తన తీర్పుల్లో కొన్నింటిని తెలుగులోకి అనువదించి పెడుతోంది.

రెండో అభ్యంతరం ఇంగ్లీషు గురించి, ఇది బరువైనది. 2011 జనగణనలో ఉమ్మడి మహబూబ్‌నగర్ అక్షరాస్యత 55 శాతం, అప్పటి ఆంధ్రప్రదేశ్ మొత్తం మీద అట్టడుగు. నల్లగొండది 64. ఇంట్లో మొదటితరం చదువరికి క్లాట్ ఇంగ్లీషులో మాత్రమే ఉండటం, దరఖాస్తుకే నాలుగు వేలు కావడం రెండు అడ్డుగోడలు. లాసెట్‌కు తొమ్మిది వందలు, ఎస్సీ ఎస్టీలకు ఆరు వందలు అయింది. లాసెట్ తెలుగులో రాయొచ్చు, నిజమే. కాలేజీలో చేరాక పుస్తకాలూ హైకోర్టూ ఇంగ్లీషే. అందుకని తెలుగులో తయారవడం ఉచ్చులో పడటమేనని కొందరంటారు. ఈ నేల చరిత్ర ఆ మాటకు పూర్తిగా తలూపదు. కల్వకుర్తి తాలూకా పడకల్లులో 1899లో పుట్టిన బూర్గుల రామకృష్ణారావు పుణేలో డిగ్రీ, బొంబాయిలో లా చదివి హైదరాబాద్‌లో వకీలయ్యాడు, 1952లో హైదరాబాద్ రాష్ట్రానికి ముఖ్యమంత్రయ్యాడు. గద్వాల ప్రాంతపు సురవరం ప్రతాపరెడ్డి మద్రాసులో బీఏ, తిరువనంతపురంలో బీఎల్ చేసి, గోలకొండ పత్రిక నడిపి, తెలుగులో సాంఘిక చరిత్ర రాశాడు. వాళ్ల కాలంలో నిజాం కోర్టుల భాష ఉర్దూ. ఇద్దరూ కలిగిన కుటుంబాల వాళ్లు, ఆ వసతి అందరికీ లేదు, అది దాచాల్సిన సంగతి కాదు. అయినా సంగతిని మాతృభాషలో పట్టుకోగలిగిన బుద్ధి వేరే భాషలోకి నడవగలదనడానికి వాళ్లు సాక్ష్యం. లాసెట్ తెర మీద రెండు భాషలూ కనిపిస్తాయి. సాధనలో తెలుగు ప్రశ్న చదివి తేల్చుకుని, వెంటనే ఇంగ్లీషు రూపం కూడా చదివితే ఆరు నెలల్లో ఆ భాష బెరుకు చాలావరకు తగ్గుతుంది. క్లాట్‌ను ప్రాంతీయ భాషల్లోనూ పెట్టాలన్న వాదన 2023లో ఢిల్లీ హైకోర్టు దాకా పోయింది. అది పెట్టాల్సిందే. పెట్టేదాకా ఊరుకోవడం మాత్రం కుదరదు.

మూడోది తల్లిదండ్రుల ప్రశ్న: లా చేసి ఏం బతుకుతాడు? మొదటి కొన్నేళ్లు జూనియర్‌గా సంపాదన సన్నగానే ఉంటుంది, దీన్ని తీపి చేసి చెప్పడం మోసం. కానీ 2022 జూన్‌లో రాష్ట్రంలో జిల్లాకో జిల్లా కోర్టు వచ్చింది. గద్వాల, నారాయణపేట, సూర్యాపేటల్లో వకీళ్ల అవసరం పెరిగింది. 2024 జులైలో సుప్రీంకోర్టు బార్ కౌన్సిల్ నమోదు రుసుము చట్టంలో ఉన్న 750 రూపాయలకు, ఎస్సీ ఎస్టీలకు 125కు మించరాదంది. 2025 మేలో జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకు మూడేళ్ల ప్రాక్టీసు తప్పనిసరి చేసింది. కాబట్టి డిగ్రీ కాగానే జడ్జి పరీక్ష రాసేద్దామన్న లెక్క ఇక నడవదు. ప్రాక్టీసుకు ఆలిండియా బార్ ఎగ్జామ్ కూడా ఒకటుంది, వంద ప్రశ్నలు, జనరల్ వాళ్లకు 45 శాతం గట్టు. ఆ పరీక్ష హాల్లోకి నోట్సు లేని బేర్ యాక్టులను తీసుకుపోనిస్తారు. ఏ సెక్షన్ ఎక్కడుందో, దాని మినహాయింపు ఏ లైన్లో ఉందో వెతికి చదవడం అలవాటు లేనివాళ్లు పుస్తకం ముందున్నా పేజీలు తిప్పుతూనే ఉంటారు.