బాబాయిగారి డైరీ నేర్పిన కంప్యూటర్ పాఠం

బిలాస్‌పూర్‌కు బదిలీ అయి దయాల్‌బంద్‌లో అద్దెకు దిగిన కొత్తలో, ఒక ఆదివారం పక్కింటి పిన్నిగారు పాత డైరీ పట్టుకుని వచ్చారు. బాబాయిగారు రైల్వేలో రిటైరై, ఆ మధ్యే కాలం చేశారు. డిపాజిట్లు, బీమా పాలసీలు, చేబదుళ్లు అన్నీ తెలుగులో రాసిపెట్టారు. పిన్నిగారికి ఆ సన్నటి అక్షరాలు ఆనవు. పిల్లలిద్దరూ ఇక్కడే హిందీ మీడియంలో చదివారు. తెలుగు చక్కగా మాట్లాడతారు, చదవలేరు. "బ్యాంకులో చేస్తున్నావు కదా బాబూ, ఇందులో ఏముందో కాస్త చూసి పెట్టు" అన్నారు.

కంప్యూటర్ కోర్సు చదువుతున్న వాళ్లమ్మాయి ల్యాప్‌టాప్ తెచ్చింది. నేను చదువుతుంటే తను ఎక్సెల్‌లో ఎక్కించింది. సాయంత్రానికి పట్టిక తయారైంది. తీరా బాబాయిగారి పేరుతో వెతికితే ఐదు డిపాజిట్లలో రెండే కనిపించాయి! ఒకచోట ఇంటిపేరు ముందుంది, ఇంకోచోట వెనకుంది, మరోచోట పొడి అక్షరాలే ఉన్నాయి. మనకు ఒక్క మనిషే. కంప్యూటర్‌కు మాత్రం ముగ్గురు.

పేరు కాదు, నంబరు

ఈ చిక్కు మన బ్యాంకుకు కొత్త కాదు. అందుకే ప్రతి ఖాతాదారుకూ ఒక కస్టమర్ నంబరు ఇస్తాం. పొదుపు ఖాతా, డిపాజిట్, లోను ఎన్ని ఉన్నా అన్నీ ఆ నంబరుకే ముడిపడి ఉంటాయి. చిరునామా మారితే ఒక్కచోట దిద్దితే చాలు. వివరాలను వేర్వేరు పట్టికల్లో ఉంచి, ఉమ్మడి నంబరుతో కలిపే ఈ పద్ధతికి 1970లో ఐబీఎం శాస్త్రవేత్త ఎడ్గర్ కాడ్ సిద్ధాంతం రాశారు. నేటి మైఎస్‌క్యూఎల్, ఒరాకిల్ వంటి డేటాబేస్‌లకు అదే పునాది.

మేమూ అదే చేశాం. ఒక పట్టికలో మనుషులు, ఒక్కొక్కరికీ ఒక నంబరు. రెండో పట్టికలో డిపాజిట్లు, పాలసీలు, వాటి పక్కన ఆ నంబరు. ఈసారి ఐదూ కనిపించాయి.

వెబ్‌సైట్ అంటే మన బ్రాంచే

"దీన్ని వెబ్ పేజీగా చేస్తా అంకుల్" అంది అమ్మాయి. వెబ్‌సైట్ పనితీరు బ్యాంకువాళ్ల ఇళ్లలో తేలిగ్గా అర్థమవుతుంది. తెరమీద కనిపించే పేజీ మన కౌంటరు, అక్కడి ఫారం లాంటిది. దాన్ని హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్, జావాస్క్రిప్ట్‌లతో తయారుచేస్తారు. వెనక సర్వర్‌లో నడిచే ప్రోగ్రాం, సంతకం సరిచూసి పాస్ చేసే ఆఫీసరు. డేటాబేస్ లెడ్జరు. ఖాతాదారు నేరుగా లెడ్జరు ముట్టుకోడు కదా, ఇక్కడా అంతే. ఆఫీసరు లేని బ్రాంచి ఎంత ప్రమాదమో, సరైన తనిఖీ లేని వెబ్‌సైట్ అంతే ప్రమాదం. అందుకే ఇంటి లెక్కలు నెట్‌లో పెట్టొద్దన్నాను. అమ్మాయి తన సొంత ల్యాప్‌టాప్‌లోనే, పాస్‌వర్డ్ పెట్టి ఉంచింది.

సాఫ్ట్‌వేర్ చేయలేని పని

ఐదింటిలో ఒక డిపాజిట్‌కు నామినీగా, పెళ్లికి ముందు రాసిన తల్లిగారి పేరే ఉంది. ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. మిగతా నాలుగూ త్వరగానే చేతికొచ్చాయి. దీనికి మాత్రం వారసుల కాగితాల కోసం పిన్నిగారు పలుమార్లు తిరగాల్సి వచ్చింది. డైరీలో రాసింది తప్పు కాదు, పాతబడింది. అందుకే మా పట్టికలో చివరి గడి "ఎప్పుడు సరిచూశాం?" అని పెట్టుకున్నాం.

మన ఇళ్లలోనూ ఈ వారమే మొదలుపెట్టవచ్చు.

• ఖాతా, డిపాజిట్, పాలసీ, లాకరు ఒక్కొక్కదానికీ ఒక వరుస. బ్రాంచి, గడువు తేదీ, నామినీ, కాగితం ఉన్న చోటు రాయండి. పిన్, పాస్‌వర్డ్‌లు ఇందులో రాయకండి.
• పిల్లలు ఏ భాష చదవగలరో ఆ భాషలోనూ రాయండి.
• 2015లో వచ్చిన డిజిలాకర్‌లో ఆధార్, డ్రైవింగ్ లైసెన్సు వంటి పత్రాలు ఉంచుకోవచ్చు.
• పదేళ్లు ఎవరూ అడగని డిపాజిట్ సొమ్ము రిజర్వు బ్యాంకు నిధికి వెళుతుంది. అయినా హక్కు పోదు, బ్యాంకులో క్లెయిము చేసుకోవచ్చు. ఇలాంటివి వెతకడానికి రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులో ఉద్గమ్ పోర్టల్ తెచ్చింది.
• ఏటా ఒకరోజు కుటుంబమంతా కూర్చుని పట్టిక సరిచూసుకోండి.

ఊరందరి నామినేషన్ ఫారాలు నింపించే నేను, ఆ రాత్రి మా ఇంటి పాస్‌బుక్కులు తీసి చూశాను. ఒకదాంట్లో నామినీ గడి ఖాళీగా ఉంది.