కంఠస్థమైన మహాగానము

శ్రోతలారా! పుస్తకము ముట్టకయే వందల కీర్తనలు నేర్చినవారు మీలో ఎందఱో కలరు. ఐరోపాలోనో, బృందగాయకులు స్వరగ్రంథమును చేతబట్టియే పాడుట వాడుక. అందునను ఇటలీవాడగు వెర్డీ మృతుల శాంతికై రచించిన 'రెక్వియెమ్' సామాన్యకృతి కాదు. 1874లో తొలిసారి పాడబడిన ఈ లాటిను ప్రార్థన ఇంచుమించు గంటన్నర సాగును. ఒకచోట బృందము రెండుగా చీలి ఎనిమిది వరుసలను ఏకకాలమున పాడవలెను.

చెక్ దేశమందలి తెరెజీన్ పట్టణమును రెండవ ప్రపంచయుద్ధకాలమున నాజీలు యూదుల నిర్బంధస్థానముగా మార్చిరి. అందు బందీయైన రఫాయెల్ షెక్టర్ 1943లో సుమారు 150 మందికి ఈ కృతిని నేర్పెను. ఉన్న గ్రంథము ఒక్కటే. వాద్యబృందమునకు మాఱు ఒక పియానో. పగలెల్ల వెట్టిచాకిరిచే అలసినవారు రాత్రివేళ నేలమాళిగలో గుమిగూడి, ఆయన వాయించిన వరుసను మఱల మఱల పాడి కంఠస్థము చేసిరి. క్రైస్తవ ప్రార్థన మనకేలయని యూద పెద్దలు కొందఱు ఆక్షేపించిరి కూడ.

అంతకంటె ఘోరమైన చిక్కు వేఱొకటి. నాజీలు బందీలను గుంపులుగా ఆష్విట్స్ మరణశిబిరమునకు తరలించుచుండిరి. గ్రంథము మిగులును గాని, కంఠమందలి పాట మనుష్యునితోడనే పోవును. షెక్టర్ క్రొత్తవారిని చేర్చుకొని మొదటినుండి నేర్పెను. ఇట్లు 16 మాఱులు పాడిరి. 1944 అక్టోబరులో ఆయనను సైతము ఆష్విట్స్‌కు పంపిరి. మఱుసటి యేట మరణించెను. బ్రతికి బయటపడిన కొలదిమంది గాయకుల నోటనే ఈ వృత్తాంతము లోకమునకు చాలవఱకు తెలిసినది.