నాపరాయి నురగ

నంద్యాల వైపు ఇళ్లలో నిమ్మకాయ పిండుతుంటే పెద్దవాళ్ల కన్ను బండల మీదే ఉంటుంది. నునుపు పెట్టిన నల్ల నాపరాయి మీద ఒక్క చుక్క పడి ఆరిందంటే తెల్లటి మచ్చ పడుతుంది, ఎంత తుడిచినా పోదు. యాసిడ్ పడితే ఇక చెప్పనక్కర్లేదు, బుసబుసమని నురగ లేస్తుంది. ఆ నురగలో ఉన్నది సోడాబుడ్డిలోని వాయువే, కార్బన్ డయాక్సైడ్. కాకపోతే ఇది సముద్రపు నీళ్లలోంచి రాయిలోకి చేరి యాభై కోట్ల ఏళ్లు దాటింది. ఇంకెంత దాటిందన్నదాని మీద శాస్త్రజ్ఞుల వాదన తెగలేదు. ఈ నురగను పట్టి తూచే యంత్రమే మాస్ స్పెక్ట్రోమీటర్.

అది పుట్టింది కేంబ్రిడ్జిలో. 1912లో జె.జె. థామ్సన్ నియాన్ వాయువును అయస్కాంతం గుండా పంపి చూస్తే, ఒక గీత పడవలసిన చోట రెండు పడ్డాయి. ఒకటి బరువు 20ది, ఇంకొకటి 22ది. ఒకే మూలకానికి బరువులో తేడా ఉన్న అన్నదమ్ములు, అంటే ఐసోటోపులు. 1919లో ఆయన దగ్గర పనిచేసిన ఫ్రాన్సిస్ ఆస్టన్ యంత్రానికి పదును పెట్టాడు. సూత్రం మన కళ్లంలోనిదే. వడ్లు తూర్పారబడితే తాలు గాలికి దూరం పోతుంది, గింజ దగ్గరే పడుతుంది. ఇక్కడ గాలి పని అయస్కాంతానిది: తేలికది ఎక్కువ వంగుతుంది, బరువైనది తక్కువ.

దాన్ని సముద్రాల దగ్గరికి తీసుకెళ్లినవాడు హెరాల్డ్ యూరీ. బరువు హైడ్రోజన్‌ను కనిపెట్టి 1934లో నోబెల్ అందుకున్న మనిషి. 1946లో జ్యూరిక్‌లో ఆయన ప్రసంగం అయ్యాక పాల్ నిగ్లి అనే ఖనిజ శాస్త్రజ్ఞుడు సున్నపు నిక్షేపాల గురించి ఒక ప్రశ్న వేశాడు. యూరీ ఇంటికొచ్చి లెక్క కట్టాడు. చన్నీళ్లలో పెరిగిన గుల్లలో బరువు ఆక్సిజన్ రవ్వంత ఎక్కువ ఉంటుంది. వెయ్యింట ఒక వంతు తేడా కనిపిస్తే నీటి వేడిలో నాలుగైదు డిగ్రీల తేడా ఉన్నట్టు. కాగితం మీద బాగుంది. అంత చిన్న తేడా చూడగల యంత్రమేదీ? మిన్నెసోటాలో ఆల్‌ఫ్రెడ్ నియర్ చేసిన నమూనాను షికాగోలో యూరీ బృందం మెరుగుపరిచింది. నమూనా వాయువునూ, ముందే తెలిసిన వాయువునూ మార్చి మార్చి పంపి పోల్చడం వాళ్ల కిటుకు. తక్కెడలో ఒక పక్క పడికట్టు రాయి పెట్టినట్టే. చిత్రమేమంటే, వాళ్ల పడికట్టు నిజంగానే రాయి: దక్షిణ కరోలినాలోని పీడీ అనేచోట దొరికిన బెలెమ్నైట్ శిలాజం. స్క్విడ్‌ను పోలిన ప్రాణి అది. 1951లో స్కాట్లండ్ బెలెమ్నైట్ ఒకదాన్ని పొరపొరగా గీకి చూసి, అది నాలుగు చలికాలాలు చూసిందని చెప్పారు. పదిహేను కోట్ల ఏళ్ల కిందటి చలికాలాలు!

ఆ థర్మామీటరే మన నాపరాయి దగ్గర మొండికేసింది. ఇక్కడి పొరలకు భూవిజ్ఞానులు ఊళ్ల పేర్లే పెట్టారు. అడుగున బనగానపల్లె, పైకి వస్తుంటే నర్జి, ఔకు, పాణ్యం, కోయిలకుంట్ల, అన్నిటికీ పైన నంద్యాల. ఆర్టీసీ బస్సు బోర్డు చదివినట్టే ఉంటుంది. వీటిలో నర్జి, కోయిలకుంట్ల పొరలు సున్నపురాళ్లు. వాటి కాలానికి గుల్లలున్న ప్రాణులే పుట్టలేదు. పైగా ఇన్ని కోట్ల ఏళ్లలో రాతిలోకి దిగిన నీళ్లు ఆక్సిజన్ లెక్కను చెరిపేస్తూ వచ్చాయి. నీళ్ల నిండా ఆక్సిజనే కదా. కార్బన్ మాత్రం అందులో అంతగా ఉండదు, అందుకే రాతిలో పాత కార్బన్ చాలావరకు నిలుస్తుంది.

కాబట్టి ఇక్కడ వేడిని వదిలి కార్బన్‌ను చదవాలి. నాచులాంటి జీవులు తేలిక కార్బన్‌నే ఇష్టంగా తింటాయి. అవి చచ్చి బురదలో పూడిపోతే నీళ్లలో బరువు కార్బన్ పాలు పెరుగుతుంది, ఆ నీళ్లలో పేరుకున్న సున్నపురాయిలోనూ పెరుగుతుంది. ఆ పూడిక కుళ్లలేదు గనుక దానికి ఖర్చు కావలసిన ఆక్సిజన్ గాలిలో మిగులుతుంది. నాపరాయి పొడి ఒక చిటికెలో గాలి కథ కూడా ఉందన్నమాట.

చదివే ముందు రాయిని నమ్మవచ్చో లేదో చూసుకోవాలి. ఆళ్లగడ్డ శిల్పి రాయిని తట్టి, మోగిన తీరును బట్టి లోపలి పగులు కనిపెడతాడు. ఇక్కడ ఆ తట్టడం మాంగనీసు, స్ట్రాన్షియంలతో. తర్వాత దిగిన నీళ్లు రాతికి మాంగనీసు అంటించి, స్ట్రాన్షియాన్ని పట్టుకుపోతాయి. మొదటిది మరీ ఎక్కువై రెండోది తగ్గితే ఆ ముక్కను పక్కన పెట్టేస్తారు.

ఆక్సిజన్‌కూ ఈ నేలలో పని దొరికింది, రాతిలో కాదు, రాతి గుహలో. కొలిమిగుండ్ల దగ్గరి బెలుం గుహల్లాగే ఈ సీమలో సున్నపురాయిని నీళ్లు తొలిచిన గుహలు చాలా ఉన్నాయి. వాటిలో ఒకటి ఉమ్మడి కర్నూలు జిల్లాలోని వాల్మీకి గుహ. బొట్టుబొట్టుగా సున్నం పేరుకుని పెరిగిన అక్కడి స్తంభాన్ని హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రజ్ఞులు పరీక్షించి, 15,700 నుంచి 14,700 ఏళ్ల కిందటి రుతుపవనాల హెచ్చుతగ్గులను 2014లో ప్రకటించారు. అక్కడ ఆక్సిజన్ చెప్పింది ముఖ్యంగా వానల సంగతి. వానలు బలంగా కురిసిన ఏళ్లలో తేలిక ఆక్సిజన్ పాలు పెరుగుతుంది. అలాంటి స్తంభంలో ఆక్సిజన్ వాననీళ్లది. కార్బన్ కొంత పైనున్న మట్టిది, మిగతాది ఆ నీళ్లు దారిలో కరిగించుకున్న పాత సముద్రపుది.