కోడిపిల్లలకు వేడి ఎలా ఇవ్వాలి? తల్లికోడా, బల్బా, కుంపటా?



ప్రకృతి సేద్యం చేసేవాళ్లలో చాలామంది పెరటి కోళ్లు కూడా మొదలుపెడుతున్నారు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో అభివృద్ధి చేసిన వనరాజా, గ్రామప్రియ లాంటి రకాలు తెచ్చుకుంటే ఒక రోజు పిల్లలు వస్తాయి, తల్లి రాదు. వాటి ఒంటి మీద నూగు తప్ప ఈకలుండవు, సొంతంగా వేడి నిలుపుకోలేవు. మొదటి వారంలో ఒక్క రాత్రి చలి తగిలినా పొద్దున్నే చచ్చిన పిల్లల్ని ఏరుకోవాల్సి వస్తుంది.

మొదటి వారం పిల్లల ఎత్తులో సుమారు 35 డిగ్రీల సెల్సియస్ వేడి ఉండాలి. తర్వాత వారానికి 3 డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ పోవాలి. మరి దేనితో ఇవ్వాలి?

తల్లికోడి: 10, 12 పిల్లలైతే ఇంతకు మించింది లేదు. కరెంటు అక్కర్లేదు, మేత ఏరుకోవడం కూడా అదే నేర్పుతుంది. పొదుగు మీద 2, 3 వారాలుగా కూర్చున్న పెట్ట ఉంటే, చీకటి పడ్డాక ఒక రోజు పిల్లల్ని మెల్లగా దాని కిందకి వదలాలి. తెల్లారగానే చూసుకోవాలి. పొడుస్తుంటే వెంటనే తీసేయాలి.

బల్బు: 50 నుంచి 100 పిల్లలకి ఇది సులువు. 100 పిల్లలకి 100 వాట్ల పాత రకం బల్బులు రెండు పెడితే మామూలుగా సరిపోతాయి. ఎల్‌ఈడీ బల్బు పెడితే వెలుతురే గానీ వేడి రాదు. రెండు బల్బులు 24 గంటలు వెలిగితే సుమారు 5 యూనిట్లు కాలుతుంది. చలి ఎక్కువుండే చోట 250 వాట్ల ఇన్‌ఫ్రారెడ్ బల్బు ఒకటి వాడొచ్చు, దానికి రోజుకి 6 యూనిట్లు. దాన్ని ఊకకి అడుగున్నర ఎత్తులో కట్టాలి. కరెంటు వైరుకే వేలాడదీయకండి, విడిగా గొలుసు కట్టండి. తెగి ఊకలో పడితే షెడ్డే అంటుకుంటుంది.

బొగ్గుల కుంపటి: కరెంటు సరిగా లేని ఊళ్లలో ఇదే ఆధారం. బొగ్గులు బయటే బాగా రాజేసి, పొగ పోయాక లోపలికి తేవాలి. పొగ లేకపోయినా బొగ్గు నుంచి వాసన లేని విషవాయువు వస్తుంది. అందుకని పరదాలన్నీ మూసేయొద్దు, పైన గాలి పోయే దారి ఉంచాలి. కుంపటి కింద ఊక తీసేసి ఇటుకలు పేర్చాలి, చుట్టూ జాలీ పెట్టాలి. మనుషులు అదే గదిలో పడుకోకూడదు.

వందల్లో పిల్లలు తెచ్చేవాళ్లు గ్యాస్ బ్రూడర్ వాడతారు. దానికీ గాలి ఆడాలి.

ఏది ఎంచుకున్నా ముందు ఒక ప్రశ్న వేసుకోండి: రాత్రి 2 గంటలకి అది ఆగిపోతే ఏం చేస్తాం? బల్బు వాడేవాళ్లు బొగ్గులు, కుంపటి సిద్ధంగా పెట్టుకోవాలి. కొద్ది పిల్లలైతే సీసాల్లో వేడినీళ్లు పోసి, గుడ్డ చుట్టి మధ్యలో పెట్టినా కొంతసేపు కాస్తుంది.

వేడి సరిపోయిందా లేదా అనేది పిల్లలే చెబుతాయి. బల్బు కింద ఒకదాని మీద ఒకటి ఎక్కి అరుస్తుంటే చలి. బల్బుకి దూరంగా పోయి నోళ్లు తెరిచి రొప్పుతుంటే వేడి ఎక్కువ. అన్నీ ఒక పక్కకే చేరితే ఎటునుంచో చలిగాలి కొడుతోంది. అంతటా పరుచుకుని తింటూ, పడుకుంటూ ఉంటే సరిపోయినట్టే. చిక్ గార్డు లోపల వేడికి దూరంగా జరిగే చోటు తప్పకుండా ఉంచండి. మేత, నీళ్లు సరిగ్గా బల్బు కింద పెట్టొద్దు.

మన ఎండాకాలంలో పగలు 40 డిగ్రీలు దాటితే బల్బు ఆపేయాలి, రాత్రి చూసి వేయాలి. పిల్లలు రావడానికి కొన్ని గంటల ముందే వేడి పెట్టి, ఊక మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా తగిలాకే పిల్లల్ని దించండి.