మలుపుకు ముందే వేగం తగ్గాలి

మన యువకులు బైకు నడపడం నేర్చుకుంటున్నారు గాని, మలుపు తిప్పడం నేర్చుకోవడం లేదని మేము గమనిస్తున్నాము. లైసెన్సు పరీక్షలో ఎనిమిది అంకె ఆకారంలో బండి తిప్పడం నెమ్మదిగా వెళ్ళేటప్పుడు తూకం నిలుపుకునే విద్య మాత్రమే. పొదిలి నుండి బయలుదేరి దోర్నాల దాటి శ్రీశైలం వైపు నల్లమల ఘాట్ ఎక్కేవారికి అది చాలదు.

మలుపులో బండిని నిలిపేది టైరు పట్టు ఒక్కటే. వేగం రెట్టింపైతే అదే మలుపుకు నాలుగింతల పట్టు కావాలి. బ్రేకు కూడా ఆ పట్టునే వాడుకుంటుంది. అందుకే వాలి ఉన్న బండికి గట్టిగా బ్రేకు వేస్తే చక్రం జారుతుంది. కనుక బండి నిటారుగా ఉండగానే, మలుపుకు ముందే వేగం తగ్గించుకోవాలి. మలుపులో యాక్సిలరేటరును నిలకడగా ఉంచాలి. చూపు ఎదురొచ్చే లారీకి అతుక్కుపోరాదు, మలుపు ముగిసే చోటికి సాగాలి. చూపు ఎటో బండీ అటే. వేగంలో ఎడమకు తిరగాలంటే ఎడమ హ్యాండిల్‌ను మెల్లగా ముందుకు నెట్టాలి. వినడానికి వింతే గాని, సైకిలు తొక్కేవారు తెలియకుండానే చేసే పని ఇది.

వెనుక కూర్చున్న తల్లి గాని, సోదరి గాని భయపడి ఎదురు వైపుకు ఒరగరాదు, బండితోపాటే వాలాలి. బురఖా అంచు చక్రానికి అందకుండా చుట్టుకోవాలి. ముగ్గురెక్కిన బండి గురించి మేము చెప్పేది ఒక్కటే: ఒకరిని దింపండి.

సాధనకు ఘాట్ అక్కరలేదు. ఫజ్ర్ తర్వాత ఖాళీ మైదానంలో హెల్మెట్ ధరించి, 20 కిలోమీటర్ల వేగంతో మొదలుపెట్టవచ్చు. ముందు ఎడమకు, పిదప కుడికి.