గాస్కెట్ పోయిందా? పానా మనమే పట్టాలా, మెకానిక్‌ని పిలవాలా?



మనం కలుపు మందు కొట్టం. అందుకే విత్తిన మొదటి 30, 40 రోజుల్లో పవర్ వీడర్ ఆగిపోతే మనకి మిగతావాళ్లకంటే ఎక్కువ దెబ్బ. వాన పడి పదును ఉన్న నాలుగు రోజులూ వీడర్ షెడ్డులో ఉంటే, ఐదో రోజుకి కలుపు పైరుని మించిపోతుంది. కాబట్టి ఇంజన్ దగ్గర ఆయిలు కారుతున్నా, పికప్ తగ్గినా "గాస్కెట్ ఎంతలే, వంద రెండొందలు" అని విప్పేయకండి. అలాగని ప్రతి చిన్నదానికీ మెకానిక్ కోసం వారం రోజులు ఎదురుచూడాల్సిన పనీ లేదు. గాస్కెట్ ధర చూసి కాదు, అది ఏ భాగాన్ని మూస్తోందో చూసి నిర్ణయం తీసుకోవాలి.

ముందు లీకు ఎక్కడో పట్టుకోండి

ఇంజన్ పూర్తిగా చల్లారాక మట్టి, జిడ్డు అంతా గుడ్డతో తుడిచేయండి. పది నిమిషాలు నడిపి ఆపండి. ఆయిలు పైనుంచి కిందికి జారుతుంది కదా, చుక్క పడే చోటు లీకు కాదు. తడి మొదలైన పైచోటే లీకు.

ఇక్కడ రెండు విషయాలు చాలామంది చూడరు. ఒకటి, ఆయిలు గుర్తుకంటే ఎక్కువ పోశారా? రెండు, బ్రీదర్ పైపు మట్టితో మూసుకుపోయిందా? బ్రీదర్ మూసుకుపోతే లోపలి గాలి బయటికి పోయే దారి లేక, ఒత్తిడి పెరిగి ఏ అతుకు బలహీనంగా ఉంటే అక్కడినుంచి ఆయిలుని నెట్టేస్తుంది. అప్పుడు గాస్కెట్ మార్చినా మళ్లీ కారుతుంది. ముందు బ్రీదర్ శుభ్రం చేసి, ఆయిలు సరిచేసి, ఇంకోసారి నడిపి చూడండి. కొన్నిసార్లు అక్కడితోనే పని అయిపోతుంది.

మనమే చేసుకోగలిగినవి

ట్యాపెట్ కవర్ గాస్కెట్, సైలెన్సర్ దగ్గరి గాస్కెట్, కార్బొరేటర్ దగ్గరి ప్యాకింగులు, ఆయిలు డ్రెయిన్ బోల్టు వాషర్. ఇవి ఇంజన్ బయటి అతుకులు. విప్పితే లోపలి పళ్లచక్రాలు కదలవు, టైమింగ్ చెడదు. పానాల సెట్టు, శుభ్రమైన గుడ్డ, సరైన నంబరు గాస్కెట్ ఉంటే చాలు.

పాత గాస్కెట్ ముక్కల్ని ఉలితో, స్క్రూడ్రైవర్‌తో గీకొద్దు. అల్యూమినియం మెత్తన, గీత పడితే కొత్త గాస్కెట్ వేసినా ఆ గీతలోంచే కారుతుంది. చెక్క ముక్కతోగానీ ప్లాస్టిక్ ముక్కతోగానీ తీయండి. పాత కాలం ఇంజన్లయితే గాస్కెట్‌లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. పొడిగా రుద్దకండి, నోటితో ఊదకండి, తడిపి తీయండి. కార్బొరేటర్ విప్పేటప్పుడు పెట్రోలు కుళాయి కట్టేసి, దగ్గర బీడీ, అగ్గిపుల్ల లేకుండా చూసుకోండి.

హెడ్ గాస్కెట్ అయితే ఆగి ఆలోచించండి

హెడ్ గాస్కెట్ ముఖ్యంగా మూసేది లోపల పేలే గ్యాసు ఒత్తిడిని. అది పోయిందనడానికి గుర్తులు: తాడు లాగితే చేతికి బిగువు తెలియకపోవడం, హెడ్డు అతుకు దగ్గర నల్లటి మసి గీత, బుస్సుమనే శబ్దం, లోడు పడగానే ఆగిపోవడం. చల్లటి ఇంజన్ అతుకు మీద సబ్బు నీళ్లు రాసి తాడు లాగితే బుడగలు వస్తాయి. నీటితో చల్లబడే ఇంజన్ అయితే రేడియేటర్‌లో బుడగలు, ఆయిలు పాలు కలిపిన కాఫీలా మారడం కూడా గుర్తులే. వేడి మీద రేడియేటర్ మూత మాత్రం తీయొద్దు.

బిగువు తగ్గిందంటే గాస్కెట్టే అనుకోనక్కర్లేదు. రింగులు అరిగినా, వాల్వులు సరిగా కూర్చోకపోయినా ఇలాగే ఉంటుంది. ప్లగ్గు తీసి కొద్దిగా ఆయిలు వేసి, ప్లగ్గు బిగించి తాడు లాగండి. బిగువు పెరిగితే అనుమానం రింగుల మీద. మార్పు లేకపోతే వాల్వులు లేదా గాస్కెట్.

చిన్న పెట్రోలు ఇంజన్ హెడ్డు మనం విప్పొచ్చు, కానీ నాలుగూ ఉంటేనే: టార్క్ రెంచి, ఫిల్లర్ గేజ్, మీ మోడల్ మాన్యువల్, తొందర లేని రోజు. ఉదాహరణకి హోండా జీఎక్స్160, జీఎక్స్200 ఇంజన్లకి హెడ్ బోల్టుల బిగింపు 24 న్యూటన్ మీటర్లు, హెడ్డు వంపు 0.10 మిల్లీమీటర్లు దాటకూడదు. ఇది చేతి అందాజాతో అయ్యే పని కాదు. బోల్టుల్ని ఎదురెదురుగా, రెండు మూడు విడతల్లో బిగించాలి. తీసిన హెడ్ గాస్కెట్‌ని మళ్లీ వేయొద్దు.

మెకానిక్‌కే వదిలేయాల్సినవి

డీజిల్ ఇంజన్ హెడ్డు: అక్కడ గాస్కెట్ మందాన్ని బట్టి పిస్టన్‌కీ హెడ్డుకీ మధ్య సందు మారుతుంది. మందం తప్పితే పిస్టన్ తగలొచ్చు, లేదా స్టార్టు కాకపోవచ్చు. క్రాంక్‌కేస్ పక్క కవర్: తీస్తే లోపల క్యామ్‌షాఫ్ట్ గుర్తులు కలిపి కూర్చోబెట్టాలి. హెడ్డు వంగితే లేత్ వర్క్స్‌లో చదును చేయించాలి. వారంటీలో ఉన్న మిషన్ అయితే అసలు పానా పెట్టకండి, కంపెనీ సర్వీసుకే చెప్పండి.

ఖర్చు లెక్క వేసేటప్పుడు మెకానిక్ కూలి ఒక్కటే చూడకండి. మన చేతిలో పని చెడితే పోయే పదును, కూలీలతో తీయించాల్సిన కలుపు కూడా కలపండి. పని ఆగినన్నాళ్లు సైకిల్ వీడర్, ఎడ్ల గుంటక, అద్దె యంత్రాల కేంద్రం నుంచి వీడర్, ఏది దొరికితే దానితో సాళ్లు వదలకుండా నడిపించండి.

మెకానిక్ దగ్గర నిలబడి అడగండి

"అన్నా, హెడ్డు మీద స్కేలు పెట్టి గేజ్‌తో ఒకసారి చూపించు." "పాత గాస్కెట్ నాకివ్వు." "సామాను బిల్లు వేరే, కూలి వేరే రాయి." అన్నిటికంటే ముఖ్యంగా, "ఇది ఎందుకు పోయింది?" అని అడగండి. హెడ్ గాస్కెట్ ఎక్కువగా వేడికి పోతుంది. రెక్కల మధ్య మట్టి, గడ్డి ఇరుక్కుంటే గాలి తగలక ఇంజన్ కాగిపోతుంది. ఆ కారణం సరిచేయకుండా గాస్కెట్ మారిస్తే కొన్నాళ్లకి మళ్లీ అదే ఖర్చు. రోజూ పని అయ్యాక ఇంజన్ చల్లారనిచ్చి, రెక్కలు బ్రష్షుతో దులపడం ఐదు నిమిషాల పని.

చివరిగా ఒక మాట. తీసిన పాత ఆయిలు గట్టు మీద పోయొద్దు, పెంటకుప్పలో వేయొద్దు. జీవామృతం పోసి వానపాముల్ని పిలుచుకున్న నేల మనది. డబ్బాలో పట్టి, మూతపెట్టి, పాత ఆయిలు తీసుకునే వర్క్‌షాపులో ఇచ్చేయండి.

లీకు పరీక్ష, సబ్బు నీళ్ల పరీక్ష వీడియోలో చూడండి. విప్పే ముందు మీ ఫోన్‌లో నాలుగు ఫొటోలు తీసుకోండి. ఏ బోల్టు ఎక్కడిదో మరిచిపోయినా ఫొటో చెబుతుంది.